ప్రయోగశాల ఎంజైము వేరు, అరుగుదల టానిక్కు వేరు

జగిత్యాలలో గాని, కోరుట్లలో గాని, సిరిసిల్లలో గాని ఏ మందుల షాపు ముందు పావుగంట నిలబడినా ఒక మాట చెవిన పడుతుంది: "తిన్నది అరుగుతలేదు సేటూ, ఏదన్న టానిక్ ఇయ్యి." వైద్యుని చీటీ ఉండదు. ఎన్నాళ్ల నుంచి అరగడం లేదు, బరువు తగ్గారా, మలం ఏ రంగులో వస్తున్నది అని అడిగేవారు ఉండరు. చేయి వెనక్కి చాచి ఒక సీసా తీసి ఇస్తారు. సీసా మీద బొప్పాయి బొమ్మో అనాస బొమ్మో, దాని కింద "ఎంజైము" అన్న మాట. విజ్ఞానశాస్త్రం నుంచి అరువు తెచ్చుకున్న ఆ ఒక్క మాట మీద ఎంత వ్యాపారం నడుస్తున్నదో, దానివల్ల ఎన్ని అసలైన జబ్బులు మరుగున పడుతున్నాయో చెప్పడానికే ఈ వ్యాసం.

ఈ మధ్య కొందరు పాఠకులు ఒక ప్రశ్న అడుగుతున్నారు. "డాక్టరు గారూ, మనిషి జీర్ణ ఎంజైమునే ఇప్పుడు ప్రయోగశాలలో తయారు చేస్తున్నారట. అచ్చం మన ఎంజైమే అయినప్పుడు దాన్ని మందుగా తాగితే అరుగుదల బాగుపడదా?" చాలా మంచి ప్రశ్న. దానికి సరైన సమాధానం తెలిస్తే టానిక్కు సీసా బండారం దానంతట అదే బయటపడుతుంది. కనుక అక్కడి నుంచే మొదలు పెడతాను.

ప్రయోగశాలలో పుట్టే మానవ ఎంజైము

మనం తిన్న అన్నంలోని పిండిపదార్థాన్ని అమైలేజ్, పప్పులోని మాంసకృత్తులను పెప్సిన్, ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్, నూనెలోని కొవ్వును లైపేజ్ ముక్కలు చేస్తాయి. ఇవే జీర్ణ ఎంజైములు. జఠరరసంలోని పెప్సిన్‌ను 1836లో జర్మనీ శాస్త్రజ్ఞుడు థియొడోర్ ష్వాన్ గుర్తించాడు. చాలాకాలం పాటు వీటిని పంది, ఆవు వంటి జంతువుల కడుపు నుంచి, క్లోమం నుంచి తీయడమే పద్ధతిగా ఉండేది.

జన్యు పునఃసంయోజన విద్య వచ్చిన తరువాత మరో మార్గం దొరికింది. మనిషి శరీరంలో ఒక ఎంజైమును తయారు చేసే జన్యువును తీసుకొని ఈ.కోలై అనే సూక్ష్మజీవిలోనో, ఈస్టులోనో, ప్రయోగశాలలో పెంచే జీవకణాలలోనో ప్రవేశపెడతారు. ఆ కణం ఆ జన్యువును చదివి మానవ ఎంజైమును తయారు చేస్తుంది. దాన్ని వడగట్టి, శుద్ధి చేసి, అతిశీతలంలో నిలవ ఉంచుతారు. దీనినే రీకాంబినెంట్ మానవ ఎంజైము అంటారు. పరిశోధనకు అమ్మే అటువంటి సీసా మీద "పరిశోధన అవసరాలకు మాత్రమే, మనుషులలో వాడరాదు" అన్న హెచ్చరిక ఉంటుంది. సూక్ష్మజీవి గోడల నుంచి వచ్చే విషపదార్థాలు అందులో ఎంత మిగిలాయో, మనిషికి ఎంత మోతాదు సురక్షితమో తేల్చే పరీక్షలు దాని మీద జరగలేదు కాబట్టి ఆ హెచ్చరిక. అది రోగి నోటికి ఉద్దేశించిన పదార్థం కానే కాదు.

మరి దాని వల్ల ప్రయోజనం ఏమిటి? చాలా ఉంది, అందులో మన తెలుగు నేల పాత్ర కూడా ఉంది.

క్లోమం ట్రిప్సిన్‌ను నేరుగా తయారు చేయదు. ట్రిప్సినోజెన్ అనే నిద్రాణ రూపంలో తయారు చేసి చిన్నప్రేగుకు పంపుతుంది. అక్కడ ఎంటరోపెప్టిడేజ్ అనే మరో ఎంజైము దానిని మేల్కొలుపుతుంది. ఈ మేల్కొలుపు పొరపాటున క్లోమం లోపలే జరిగితే ఎంజైము తన ఇంటినే జీర్ణం చేసుకోవడం మొదలు పెడుతుంది. అదే క్లోమశోథ, అంటే పాంక్రియాటైటిస్. 1996లో అమెరికాలో విట్‌కాంబ్ బృందం కొన్ని కుటుంబాలలో వంశపారంపర్యంగా వచ్చే క్లోమశోథకు ట్రిప్సినోజెన్ జన్యువులోని మార్పు కారణమని కనుగొన్నది. మరి మన దేశంలో, ముఖ్యంగా దక్షిణాదిలో, మద్యం ముట్టని యువతీయువకులకు కూడా క్లోమంలో రాళ్లు ఏర్పడి మధుమేహం వచ్చే జబ్బు ఉన్నది కదా, దానికీ అదే కారణమా? ఈ ప్రశ్న మీద హైదరాబాదులోని సీసీఎంబీ, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రో ఎంటరాలజీ పరిశోధకులు పనిచేశారు. మన రోగులలో ట్రిప్సినోజెన్ జన్యువు కంటే, ట్రిప్సిన్‌కు కళ్లెం వేసే స్పింక్-1 జన్యువులోని మార్పులే ఈ జబ్బుతో ముడిపడి ఉన్నాయని 2002లో ప్రకటించారు. 2006లో కెథెప్సిన్-బి అనే మరో జన్యువులోని మార్పునూ హైదరాబాదు పరిశోధకులే గుర్తించారు.

అయితే జన్యువులో ఒక అక్షరం మారిందని తెలిసినంత మాత్రాన జబ్బుకు అదే కారణమని చెప్పలేము. ఆ మార్పు వల్ల ఎంజైము పనితీరు నిజంగా మారిందా అన్నది చూడాలి. బతికి ఉన్న మనిషి క్లోమం నుంచి ఎంజైము తీసి పరీక్షించడం కుదరని పని. అందువల్ల మామూలు జన్యువుతో ఒక ఎంజైమును, మారిన జన్యువుతో మరో ఎంజైమును ప్రయోగశాలలో తయారు చేసి పక్కపక్కన పెట్టి పోలుస్తారు. 2008లో కైమోట్రిప్సిన్-సి అనే ఎంజైములోని లోపాలు దీర్ఘకాల క్లోమశోథకు దారితీస్తాయని ఇలాగే తేలింది. ఆ అధ్యయనంలో భారతీయ రోగుల నమూనాలు కూడా ఉన్నాయి. రీకాంబినెంట్ మానవ జీర్ణ ఎంజైము చేసే అసలు పని ఇదీ.

టీకాల తయారీలో కూడా వీటి అవసరం ఉన్నది. రోటా వైరస్‌ను జీవకణాలలో పెంచడానికి ట్రిప్సిన్ కావాలి. 2010లో ఒక అంతర్జాతీయ సంస్థ రోటా టీకాలో పందులకు సోకే వైరస్ ఆనవాళ్లు బయటపడి అమెరికాలో దాని వాడకాన్ని కొంతకాలం ఆపారు. తయారీలో వాడిన పంది ట్రిప్సిన్ నుంచే అవి వచ్చి ఉంటాయని శాస్త్రజ్ఞులు భావించారు. ఆ వైరస్ మనుషులకు హాని చేయదని తేలినా, జంతువుల నుంచి తీసిన ఎంజైముకు బదులు రీకాంబినెంట్ ఎంజైము ఎందుకు కావాలో ఆ ఉదంతం చెప్పకనే చెబుతున్నది.

ఈ విద్యకు నేను విరోధిని కాను. మధుమేహ రోగులు వాడే మానవ ఇన్సులిన్ 1982 నుంచి ఈ విద్య ద్వారానే వస్తున్నది. హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకా కూడా దాని ఫలమే. ఆ విద్యకు ఉన్న గౌరవాన్ని అరువు తెచ్చుకొని, దానితో ఏ సంబంధమూ లేని సీసాలు అమ్ముకోవడమే నాకు అభ్యంతరం.

మరి ఆ సీసాలో ఉన్నది ఏమిటి?

మన షాపులలో దొరికే అరుగుదల టానిక్కులలో చాలావాటిలో ఉండేవి రెండు. ఒకటి ఫంగల్ డయాస్టేజ్, అంటే బూజు జాతి నుంచి తీసిన పిండిపదార్థపు ఎంజైము. జపాను శాస్త్రజ్ఞుడు తకమినె 1894లోనే దీనిపై అమెరికాలో పేటెంటు పొందాడు. రెండవది పెప్సిన్, అది సాధారణంగా పంది కడుపు నుంచి వస్తుంది. కొన్నిటిలో బొప్పాయి పాల నుంచి తీసిన పపైన్ ఉంటుంది. మన ఇళ్లలో మటన్ మెత్తబడడానికి పచ్చి బొప్పాయి ముక్క వేస్తారే, ఆ గుణమే ఇది. మిగిలినది చక్కెర పాకం, రంగు, వాసన. ఇందులో మనిషి ఎంజైము లేదు, కొత్త విజ్ఞానమూ లేదు.

"ఏదైతేనేం, ఎంజైమే కదా, అరిగిస్తుంది కదా" అని వాదించేవారు ఉన్నారు. వారికి నా సమాధానం మూడు మెట్లుగా చెబుతాను.

మొదటి మెట్టు: మీకు ఎంజైము కొరత ఉన్నదా? కడుపు ఉబ్బరంగా ఉన్న నూటికి తొంభై తొమ్మిది మందికి లేదనే నా అనుభవం. క్లోమం రోజుకు సుమారు లీటరున్నర రసాన్ని స్రవిస్తుంది. అవసరానికి మించి ఎన్నో రెట్లు ఎంజైములు అందులో ఉంటాయి. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 1973లో ప్రచురించిన అధ్యయనంలో, ఎంజైముల ఉత్పత్తి మామూలులో పదో వంతు కంటే తగ్గితేనే రోగులకు కొవ్వు అరగక మలంలో పోవడం కనిపించింది. పదింట తొమ్మిది పాళ్లు పోయినా బండి నడిపించేటంత నిల్వను ప్రకృతి మనకు ఇచ్చింది. అటువంటి సముద్రంలో రెండు చెంచాల టానిక్కు కలిపితే ఒరిగేది ఏమిటి?

రెండవ మెట్టు: తాగిన ఎంజైము పనిచేసే చోటుకు చేరుతుందా? దీనిని మీరు ఇంట్లోనే పరీక్షించవచ్చు. మూడు గ్లాసులలో చల్లారిన పలుచని గంజి కొంచెం కొంచెం పోయండి. మొదటిదాన్ని అలాగే ఉంచండి. రెండవదానిలో ఒక చెంచా మీ ఉమ్మి కలపండి. మూడవదానికి వేరే పాత్రలో చెంచా ఉమ్మికి రెండు చెంచాల వెనిగర్ కలిపి, పది నిమిషాలు ఆగి, గంజిలో పోయండి. అరగంట తరువాత మూడింటిలోనూ ఒక్కొక్క చుక్క అయోడిన్ ద్రావణం వేయండి. పుండ్లకు వాడే పోవిడోన్ అయోడిన్ సరిపోతుంది. మొదటి గ్లాసు ముదురు నీలం అవుతుంది, పిండిపదార్థం ఉన్నదని దాని అర్థం. రెండవదానిలో నీలం బాగా తగ్గుతుంది, ఉమ్మిలోని అమైలేజ్ పిండిని ముక్కలు చేసింది. మూడవదానిలో నీలం అలాగే ఉంటుంది, ఆమ్లం ఎంజైమును చంపేసింది. (వెనిగర్ బదులు నిమ్మరసం వాడకండి. దానిలోని సి విటమిన్ అయోడిన్ రంగును తీసివేసి మిమ్మల్ని తికమక పెడుతుంది.) మన కడుపులోని ఆమ్లం వెనిగర్ కంటే ఘాటైనది. బూజు నుంచి తీసిన డయాస్టేజ్ ఉమ్మిలోని ఎంజైము కంటే ఆమ్లాన్ని కొంత ఎక్కువగా తట్టుకుంటుంది, ఆ మాట కాదనను. కాని తట్టుకొని చేసే పని కూడా, పైన చెప్పినట్లు, మనకు లేని కొరతను తీర్చే పనే. ఇక పెప్సిన్ ఆమ్లంలోనే పనిచేస్తుంది గాని, అది మన కడుపులో పుష్కలంగా తయారవుతూనే ఉన్నది.

మూడవ మెట్టు: నిజంగా ఎంజైము కొరత ఉన్నవారికి ఈ టానిక్కు పనికివస్తుందా? రాదు. క్లోమం దెబ్బతిన్నవారు మొదట ఇబ్బంది పడేది కొవ్వు అరగక. వారికి కావలసింది లైపేజ్. డయాస్టేజ్, పెప్సిన్ మాత్రమే ఉన్న టానిక్కులలో అది లేనే లేదు. పెద్దలకు ఒక ప్రధాన భోజనంతో 40,000 నుంచి 50,000 యూనిట్ల లైపేజ్ అవసరమవుతుంది. దానిని ఆమ్లానికి కరగని పూత ఉన్న చిన్న చిన్న గుళికలుగా చేసి క్యాప్సూల్‌లో పెట్టి ఇస్తారు, భోజనం మధ్యలో వేసుకోమంటారు. పంది క్లోమం నుంచి తయారయ్యే ఆ మందు ఖరీదైనది, కాని ప్రాణావసరమైనది. అంటే అక్కర లేనివారికి ఈ టానిక్కు వ్యర్థం, అక్కర ఉన్నవారికి మోసం.

ఇక్కడ మరో మాట. పెప్సిన్ పంది నుంచి వచ్చిందా, ఇంకెక్కడి నుంచైనా వచ్చిందా అన్నది సీసా మీద సాధారణంగా ఉండదు. మన మూడు ఊళ్లలో పంది మాంసం ముట్టని ముస్లిం కుటుంబాలు వేలల్లో ఉన్నాయి, శాకాహారులూ ఉన్నారు. ప్రాణావసరమైన మందు విషయంలో ఎవరి నిర్ణయం వారు తీసుకుంటారు. కాని అక్కర లేని టానిక్కును, దాని మూలం చెప్పకుండా, వారి చేత తాగించడం ఏ విధంగా న్యాయం?

అసలైన మానవ ఎంజైముకు జరిగిన పరీక్ష

ఇప్పుడు పాఠకుల ప్రశ్నకు తిరిగి వస్తాను. నిజమైన రీకాంబినెంట్ మానవ జీర్ణ ఎంజైమును మందుగా ఎవరూ ప్రయత్నించలేదా? ప్రయత్నించారు. తల్లిపాలలో కొవ్వును అరిగించే ఒక లైపేజ్ సహజంగా ఉంటుంది. పాలపొడితో కలిపిన పాలలో అది ఉండదు, వేడిచేసి శుద్ధి చేసిన దాతల పాలలో అది నశిస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు ఇది లోటు కదా అని, స్వీడన్‌కు చెందిన ఒక సంస్థ ఆ మానవ లైపేజ్‌ను రీకాంబినెంట్ పద్ధతిలో తయారు చేసి కియోబ్రినా అని పేరు పెట్టింది. ఆలోచన ఎంతో సహేతుకం. చిన్న అధ్యయనాలలో ఆశ కనిపించింది. తరువాత 32 వారాల లోపు పుట్టిన నాలుగు వందల పైచిలుకు శిశువులలో, సగం మందికి ఎంజైము, సగం మందికి ఉత్తుత్తి మందు ఇచ్చి పరీక్షించారు. 2014లో ఫలితం వచ్చింది. పిల్లల ఎదుగుదలలో తేడా లేదు. ఆ మందు మార్కెట్టులోకి రాలేదు.

సూక్ష్మజీవుల నుంచి తీసిన ఎంజైములతో పంది ఎంజైముకు ప్రత్యామ్నాయంగా తయారు చేసిన లైప్రోటమేజ్ అనే మరో మందును 2011లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించలేదు, మరిన్ని రుజువులు తెమ్మన్నది. అంతకు ముందు 2004లో, దశాబ్దాలుగా అమ్ముడవుతున్న పంది ఎంజైముల మందులను కూడా అదే సంస్థ వదలలేదు. ఒక కంపెనీ మందుకూ మరో కంపెనీ మందుకూ బలంలో తేడాలు ఉన్నాయి గనుక ప్రతి ఒక్కరూ కొత్తగా రుజువులు చూపి అనుమతి తీసుకోవాలని ఆదేశించింది. ఆ నిబంధన కింద మొదటి అనుమతులు 2009లో వచ్చాయి.

అచ్చమైన మానవ ఎంజైము, తల్లిపాలలోనిది, మంచి శాస్త్రజ్ఞులు తయారు చేసినది, పరీక్షలో నెగ్గలేక పక్కకు తప్పుకున్నది. ఏ పరీక్షకూ నిలబడని బూజు ఎంజైము చుక్కలను మాత్రం మనం తల్లిపాలు తాగుతున్న పసికందు నోట్లో వేస్తున్నాము. కడుపునొప్పికి అని, ఏడుపుకు అని, పాలు అరగడానికి అని. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కరలేని శిశువుకు ఆ చుక్కలు ఎందుకు? తల్లిపాలతోనే లైపేజ్ వస్తున్నదని మన అమ్మలకు, అమ్మమ్మలకు ఎవరూ చెప్పలేదు.

ప్రభుత్వం చేసినది, చేయవలసినది

2024 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం లోని 26-ఎ విభాగం కింద 156 మిశ్రమ ఔషధాలను నిషేధించింది. ఆ జాబితాలో పదిహేను ఎంజైములను ఒకే మాత్రలో కుక్కిన మిశ్రమం ఒకటి ఉన్నది. అమైలేజ్, లైపేజ్, లాక్టేజ్, బ్రొమిలైన్, పపైన్, సెల్యులేజ్, ఇంకా ఎన్నెన్నో. వైద్యపరమైన సమర్థన లేదన్నదే నిషేధానికి చూపిన కారణం. ఆ నిర్ణయాన్ని నేను మనసారా స్వాగతించాను. కాని పదిహేను ఎంజైముల మిశ్రమానికి సమర్థన లేకపోతే రెండు ఎంజైముల టానిక్కుకు ఎక్కడి నుంచి వచ్చింది? ఒక తలుపు మూస్తే మరో తలుపు తెరుచుకుంటుంది. మందుగా అమ్మడం కష్టమైతే ఆహార లైసెన్సు తీసుకొని ‘పోషక పదార్థం’ పేరుతో అమ్ముతారు. అప్పుడు రోగం నయం చేస్తుందన్న రుజువు చూపవలసిన అవసరం ఉండదు, డబ్బా మీద బొమ్మ మాత్రం మారదు.

ఇటువంటిదే వాపులకు ఇచ్చే సెరాషియోపెప్టిడేజ్ అనే ఎంజైము మాత్ర. ఉత్తుత్తి మందు కంటే మెరుగు కాదని పరీక్షలలో తేలడంతో 2011లో జపానులో దానిని పుట్టించిన కంపెనీయే స్వచ్ఛందంగా ఉపసంహరించుకున్నది. మన దగ్గర నొప్పి మాత్రలలో దానిని కలిపి ఇస్తూనే వచ్చాము.

టానిక్కు వెనుక దాక్కునే జబ్బులు

"పోనీ డాక్టరు గారూ, పని చేయకపోతే చేయకపోయె, హాని లేదు కదా" అనే మాట తరచుగా వింటాను. హాని ఉన్నది. అది సీసాలో లేదు, సీసా కొని ఊరుకోవడంలో ఉన్నది.

నా ఉద్యోగ కాలంలో చూసిన ఒక సాంచాల కార్మికుని సంగతి చెబుతాను. వయసు ముప్పై దాటింది, మనిషి పుల్లలా ఉన్నాడు. తిన్న తరువాత పొట్ట పైభాగంలో నొప్పి, అది వీపులోకి పోతుంది, ముందుకు వంగి కూర్చుంటే కొంచెం తగ్గుతుంది. రెండేళ్లుగా ఊళ్లో ఇచ్చిన అరుగుదల టానిక్కులే తాగుతున్నాడు. మలం జిడ్డుగా, నీళ్ల మీద తేలుతున్నదా అని అడిగితే అవునన్నాడు. మామూలు ఎక్స్-రేలోనే క్లోమంలో రాళ్లు వరుసగా కనిపించాయి. రక్తంలో చక్కెర 300 దాటింది. ఆ రెండేళ్లలో ఒక్కరైనా ఈ నాలుగు ప్రశ్నలు అడిగి ఉంటే, బీడీలు మాన్పించి ఉంటే, ఆ క్లోమంలో ఇంకొంత భాగం మిగిలేది.

మన ప్రాంతపు జీవితాన్ని గమనించండి. జగిత్యాల, కోరుట్ల పరిసరాలలో బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లు ఒళ్లో చాట పెట్టుకొని ఉదయం నుంచి చీకటి పడేదాకా వంగి కూర్చుంటారు. లెక్క పూర్తి కావాలని మధ్యాహ్నం బువ్వ మూడింటికో నాలుగింటికో తింటారు. నడుము నొప్పికి పరగడుపునే నొప్పి మాత్ర వేసుకుంటారు, దాని మీద టీ తాగుతారు. సిరిసిల్లలో రాత్రి పాళీ సాంచాల దగ్గర నిలబడే కార్మికుని దినచర్యా ఇంతే, దానికి బీడీ, కల్లు లేదా సారా తోడు. వారి కడుపులో మంటకు కారణం నొప్పి మాత్రల వల్ల జఠరపు పొర దెబ్బతినడం, వేళ తప్పిన తిండి, పొగాకు, కొందరిలో హెలికోబాక్టర్ పైలోరై అనే సూక్ష్మజీవి. వీటిలో ఏ ఒక్కదానినీ ఎంజైము టానిక్కు ముట్టుకోదు. నొప్పి మాత్ర, టానిక్కు సీసా ఒకే సంచిలో పెట్టి ఇచ్చే షాపు, ఒక చేత్తో పుండు చేసి మరో చేత్తో చక్కెర పాకం పూస్తున్నట్లే. రోజుకూలిలో పెద్ద వాటా ఆ సీసాకు పోతున్నది.

పొగాకు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మద్యం క్లోమాన్ని దెబ్బతీస్తుందని చాలామందికి తెలుసు. బీడీ, సిగరెట్టు కూడా మద్యంతో సంబంధం లేకుండానే దీర్ఘకాల క్లోమశోథకు దారితీస్తాయని, క్లోమ క్యాన్సరు ముప్పును పెంచుతాయని తెలిసినవారు తక్కువ. క్లోమాన్ని కాపాడుకోవాలని నిజంగా అనుకుంటే కొనవలసింది ఏమీ లేదు, మానవలసినవి రెండు ఉన్నాయి.

పాలు తాగితే ఉబ్బరం, విరేచనం వచ్చేవారికి మాత్రం ఒక ఎంజైము తగ్గిన మాట నిజం. అది లాక్టేజ్. పెద్దయ్యాక అది తగ్గడం దక్షిణ భారతీయులలో సర్వసాధారణం, జబ్బు కాదు. దానికి మన పెద్దలు కనిపెట్టిన మందు పెరుగు, మజ్జిగ. పాలలోని చక్కెరను కొంత సూక్ష్మజీవులే ముందుగా అరిగించి పెడతాయి.

"తాగితే హాయిగా ఉంటుంది" అనేవారికి ఒక మాట. అజీర్తి చాలావరకు రెండు మూడు రోజులలో దానంతట అదే తగ్గేది. ఆ రోజులలో ఏది తాగినా దానికే పేరు వస్తుంది. కొన్ని సీసాలలో కలిపే సోంపు, వాము వంటి వాసన ద్రవ్యాలు తేన్పు రప్పించి కాస్త ఊరట ఇస్తాయి. ఆ పనికి వంటింట్లో వాము ఉన్నది.

ఎవరు ఏమి చేయాలి

మందుల షాపుల వారికి నా విన్నపం: రెండవసారి అరుగుదల టానిక్కు అడిగిన మనిషిని డాక్టరు దగ్గరకు పంపండి. గ్రామాలలో ఆర్.ఎం.పి.లుగా సేవ చేస్తున్నవారికీ అదే మాట. నా తోటి వైద్యులకు ఇంకొంచెం గట్టిగా చెబుతాను. యాంటీబయాటిక్ రాసిన ప్రతి చీటీ అడుగున అలవాటుగా ఒక ఎంజైము సిరప్ రాయడం మనమే నేర్పాము. షాపు వాడిని, ఆర్.ఎం.పి.ని తప్పుపట్టే ముందు ఆ చివరి పంక్తిని కొట్టివేయవలసినది మనమే.

ఈ ప్రాంతంలో ఇప్పుడు విద్యాసంస్థలకు కొరత లేదు. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. కోరుట్లలో పశువైద్య కళాశాల, జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ కళాశాల ఉన్నాయి. జీవరసాయన శాస్త్రం చదివే ఆ విద్యార్థులు మార్కెట్టులోని టానిక్కులను తెచ్చి, ఆమ్లంలో ఉంచి, గంజి మీద పరీక్షించి ఫలితాలను ఊరి వారికి చూపించవచ్చు. గంజి, అయోడిన్ కంటే పెద్ద ఖర్చేమీ లేదు. పై జిల్లా ఆసుపత్రులలో మలంలో ఎలాస్టేజ్ పరీక్ష అందుబాటులోకి తేవాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. అది మనిషి ఎలాస్టేజ్‌ను మాత్రమే గుర్తించే పరీక్ష. గ్రాముకు 200 మైక్రోగ్రాముల కంటే తక్కువ ఉంటే క్లోమం బలహీనపడిందని అనుమానించాలి. ఎంజైము మందు ఎవరికి అవసరమో తేల్చే దారి అది.

పాఠకులకు చివరి మనవి. ఈ కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా టానిక్కు కోసం షాపుకు వెళ్లకండి, డాక్టరు దగ్గరకు వెళ్లండి: కారణం లేకుండా బరువు తగ్గడం, జిడ్డుగా, దుర్వాసనతో, నీళ్ల మీద తేలే మలం, నల్లని మలం, రక్తపు వాంతి, వీపులోకి పాకే నొప్పి, కామెర్లు, మింగడం కష్టం కావడం, సన్నగా ఉన్న యువకులలో కొత్తగా మధుమేహం, రక్తహీనత, యాభై దాటిన తరువాత కొత్తగా మొదలైన అజీర్తి, పిల్లలలో ఎదుగుదల లేకపోవడం.

ఇవేవీ లేకపోతే వేళకు తినండి, పరగడుపున నొప్పి మాత్ర వేసుకోకండి, పొగాకు, మద్యం మానండి. రెండు వారాలైనా తగ్గకపోతే పరీక్ష చేయించుకోండి. ఇంట్లో ఇప్పటికే టానిక్కు సీసా ఉంటే ఒకసారి దాని అట్ట చదవండి. అందులో లైపేజ్ ఉన్నదా, ఎంజైము ఏ మూలం నుంచి వచ్చింది, చెంచాకు చక్కెర ఎంత అని చూడండి. ఈ మూడు ప్రశ్నలకు సమాధానం దొరకని సీసాను మళ్లీ కొనవద్దు.